వాడితే రేటు పడిపోతుంది

నేను ఒక కమోడ్‌ని. అప్పుడే ముక్కు మూసుకోకండి. మీ ఇంట్లో ఉన్నదానికీ నాకూ చాలా తేడా ఉంది. మీ ఇంట్లోది పని చేస్తుంది. నేను ఏళ్ల తరబడి ఏ పనీ చెయ్యకుండా, పెళ్లిపందిట్లో గొప్పింటి కోడలు పట్టుచీర నలక్కుండా కూర్చున్నట్టు కూర్చున్నాను. నన్నెవరూ వాడలేదు. వాడకపోవడమే నా గొప్ప అన్నారు. నాదసలే మట్టిబుర్ర. ఆ గొప్పేమిటో తలకెక్కడానికి చాలాకాలం పట్టింది.

మట్టిబుర్ర అని మాటవరసకి అనలేదు. తెల్లమట్టిని నీళ్లలో కలిపి, దోసెలపిండిలా జారుగా చేసి అచ్చులో పోస్తే పుట్టాను. ఆరబెట్టారు, పూత పూశారు, బట్టీలో కాల్చారు. నాతోపాటు లోపలికెళ్లిన వాటిలో కొన్ని పగిలిపోయాయి. ఏ కుమ్మరివాకిట్లోనో పుట్టుంటే ఈపాటికి ఒళ్లో పెరుగు తోడుకునేది. నా రాత అది కాదు. కాల్చినాక నాకు వైర్లు పెట్టారు. మనిషి కూర్చుంటే సీటు వెచ్చబడుతుంది. మనిషి దగ్గరికొస్తే మూత దానంతటదే లేస్తుంది. ఆ వచ్చిందెవరు, ఏ కులం, జీతమెంత అని వాకబు చేసే తెలివి మాత్రం పెట్టలేదు. అదే నాలో పెద్ద లోపమని తర్వాత తేలింది.

ఓడెక్కి, లారీ ఎక్కి హైదరాబాదు చేరాను. షాపులో నన్నొక అరుగు మీద పెట్టి, నెత్తిన లైటు వేసి, పక్కన సన్నగా సంగీతం పెట్టారు. దేవుడికి కూడా ఆ వైభోగం పండగలకే దక్కుతుంది. అక్కడికొచ్చారు చక్రధర్ గారు, ఆయన భార్య హైమావతి గారు. ఆయనకి కంకర క్రషర్లున్నాయి. కొండల్ని పొడి చేసి అమ్ముకునే మనిషి. హైమావతి గారు ఉంగరం వేలితో నన్ను టకటకా కొట్టి, షాపతన్ని ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"మా తోడికోడలు వాళ్లింట్లో ఉన్నదానికంటే ఇది పైదేనా?"

"దీనికి పైన ఇంకోటి లేదు మేడం."

అంతే. నీళ్లెలా పోతాయి, చెడిపోతే బాగుచేసేవాడెవడు, ఇవేవీ అడగలేదు. నేనేం పని చేస్తానన్నది కూడా ఆవిడకి అనవసరం. తోడికోడలి మీద పైచేయి అయితే చాలు.

ఊరికి పడమటి వైపు, రాతిగుట్టలు చదును చేసిన చోట లేచిన ఒక టవరులో ముప్పై ఒకటో అంతస్తులో నన్ను బిగించారు. ఆ టవరు పేరు ఇంగ్లీషో, ఫ్రెంచో, నాకు నోరు తిరగదు. ఫ్లాటులో బాత్రూములు ఐదు. అందులో ఉండబోయే మనుషులు ఎందరో చెప్పమంటారా? ఒక్కరూ లేరు.

గృహప్రవేశం మాత్రం ఘనంగా చేశారు. ఊరవతల గోశాల నుంచి ఆవుని తెచ్చి సర్వీస్ లిఫ్టులో ఎక్కించారు. పాపం ఆ తల్లికి లిఫ్టెక్కడం అదే మొదటిసారి. ముప్పై ఒకటో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి కళ్లు తేలేసింది. హాల్లోకి నడిపించారు. ఇటలీ రాయి మీద గిట్టలు జారుతుంటే బెదిరిపోయి, నడిహాల్లో నిలబడి, ధారగా పోసేసింది. పంతులు గారు గట్టి మనిషి, వెంటనే అందుకున్నాడు.

"శుభం! మహా శుభం! ఇల్లు నిలిచిందమ్మా!"

హైమావతి గారు వంగి, వేళ్లు తడిపి, నెత్తిన చల్లుకుంది. చుట్టాలందరూ ఎగబడి చల్లుకున్నారు. అది చూసి నాకెంత ఆశ కలిగిందంటారు! ఈ ఇంట్లో ఈ పనికి ఇంత మర్యాదా, ఇక నా దశ తిరిగినట్టే అనుకున్నాను. పాలు పొంగాయి, ఫోటోలు దిగారు, కింద క్లబ్‌హౌస్‌లో భోజనాలన్నారు, తాళం వేసి వెళ్లిపోయారు. హాలు తుడవడానికి మిగిలింది టవరు తాలూకు పనిమనిషి ఒక్కతే. ఆవిడ పేరు మణెమ్మ. ఈ కథ ఆవిడది. నేను ఊరికే సాక్షిని.

తర్వాత ఎవరూ రాలేదు. ఎప్పుడైనా చక్రధర్ గారు ఒక స్నేహితుణ్ణి వెంటేసుకుని వచ్చి, బాల్కనీలో నిలబడి, ఊరంతా తన పెరడన్నట్టు చూపించి, పది నిమిషాల్లో వెళ్లిపోయేవాడు. ఒకసారి ఆ స్నేహితుడు అడగనే అడిగాడు.

"ఇంత కొంప కొని తాళం వేశావేంట్రా? కాపురం ఉండొచ్చుగా?"

"మాకు ఇల్లుంది కదరా!"

"పోనీ అద్దెకియ్యి."

"అద్దెకిస్తే మేకులు కొడతారు. పోపులు పెడతారు. గోడకి ఇంగువ వాసన పట్టిందంటే ఫ్లాటు పాతబడినట్టే. వాడితే రేటు పడిపోతుంది. వాడకపోతే నువ్వు నిద్రపోతున్నా పెరుగుతూనే ఉంటుంది. ఇంతకంటే బుద్ధిమంతుడైన కొడుకు పుడతాడా ఎవడికైనా?"

ఇదండీ సంగతి. లేనివాడికి ఇల్లంటే తను తలదాచుకునే చోటు. ఉన్నవాడికి ఇల్లంటే డబ్బు తలదాచుకునే చోటు. బ్యాంకులో పెడితే నలుగురికీ తెలుస్తుంది, బీరువాలో పెడితే పెరగదు, అంచేత ముప్పై ఒకటో అంతస్తులో పడకేయించి ఏసీ బిగించారు. దాని నిద్ర పాడవకుండా మనుషుల్ని దూరంగా పెట్టారు. టవరంతా ఇదే వరస. మా కమోడ్లన్నిటినీ కలుపుతూ కిందదాకా ఒక పెద్ద గొట్టం ఉంది. మామూలు అపార్టుమెంటులో ఆ గొట్టం తెల్లారేసరికి వాగులా హోరెత్తుతుంది. మా గొట్టంలో చీమ నడిచినా వినపడేది.

కానీ మురుక్కి ఈ లెక్కలు తెలియవు కదా. నా మెడవంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచుండాలి. కింద నుంచి కంపు పైకి రాకుండా అడ్డుకునేవి ఆ నీళ్లే. వాడకపోతే అవి ఆరిపోతాయి. ఆరిపోయాయి. కోట్ల రూపాయల ఫ్లాట్లన్నీ ఒక్కసారిగా మూసీ ఒడ్డులా గుప్పుమన్నాయి. యజమానులు గోలపెడితే టవరు సంఘంవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. పై అంతస్తుల్లో ఖాళీ ఫ్లాట్ల తాళాలన్నీ మణెమ్మకిచ్చి, వరసగా తిరుగుతూ ప్రతి బాత్రూములో ఫ్లష్ కొట్టమన్నారు. ఎవరూ పొయ్యని చోట పొద్దస్తమానం నీళ్లు కొట్టడం. అదీ ఆవిడ ఉద్యోగం.

మణెమ్మది పాలమూరు వైపు. నలభై దాటింది. ఒంట్లో షుగరు, నోట్లో వెటకారం, రెండూ కాస్త ఎక్కువే. ఎవరూ లేని ఇంట్లో మనిషి ఎవరితో మాట్లాడుతుంది? నాతోనే మాట్లాడేది.

"ఏం రాజా, మంచిగున్నవా? నీకేం తక్కువ, కూసున్న కాడికి నీళ్లు తెచ్చి పోస్తున్నరు. మాకు సెల్లార్ల ఒక్కటుంది. దానికి గొళ్లెం లేదు. లైటు లేదు. దాంట్ల పోవాలంటే ఈడికెల్లి లిఫ్టు దొర్కాలె, దిగాలె, లైన్ల నిలవడాలె, మళ్ల ఎక్కాలె. గంతలకే ఈశ్వర్ సారు ఫోన్ల మీద ఫోన్లు. గందుకే నీళ్లు దాగుడే బంద్ జేసిన."

ఈశ్వర్ అంటే పనివాళ్ల మీద సూపర్‌వైజరు. అతనిదొక రూలుంది. ఖాళీ ఫ్లాటయినా సరే, పనివాళ్లు అందులో బాత్రూము వాడినట్టు తెలిస్తే ఆ రోజే ఇంటికి. మణెమ్మకి ముందు ఉన్నావిడకి అలాగే ఉద్యోగం పోయింది. మణెమ్మ నీళ్లు మానేసింది, మానేస్తే మంట మొదలైంది, మంటతో జ్వరం వచ్చింది. బస్తీ దవాఖానాలో చూపించుకుని వచ్చినరోజు చీపురు పక్కన పెట్టి, గోడకి చేరగిలబడి చెప్పింది.

"డాక్టరమ్మ తిట్టింది. నీళ్లెందుకు దాగవంటది, ఒంటికొస్తే ఎందుకాపుతవంటది. షుగరున్నోళ్లకు ఇట్లనే ఉంటే కిడ్నీలు పోతయంట. నౌకరి సంగతి జెప్పిన. నౌకరి గావాల్నా, కిడ్నీ గావాల్నా అన్నది. రెండు గావాలె డాక్టరమ్మా అన్న. ఆమెకు నవ్వొచ్చింది. నాకు రాలే."

ఐదు బాత్రూముల ఇంట్లో కూర్చుని చెప్పిన మాటలివి. నాకు సిగ్గేసింది. కమోడుకి సిగ్గేమిటని మీరనచ్చు. ఎవరో ఒకరు పడాలి కదా.

ఆ తర్వాత కొన్నాళ్లకి పై అంతస్తులో ఎవరో గ్రానైటు పలకలు ఎక్కిస్తున్నారు. సర్వీస్ లిఫ్టు పొద్దుట్నుంచీ వాళ్లదే. యజమానుల లిఫ్టు పనివాళ్లు ఎక్కకూడదు. మణెమ్మ ఫ్లష్ కొట్టడానికి నా దగ్గరికొచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది, కాలు నిలవడం లేదు. ఆవిడ రాగానే నేను అలవాటు ప్రకారం మూత ఎత్తాను.

"నువ్వు లేవకు. దండం బెడ్త, నువ్వు నోరు దెరిస్తే నాకాగది."

మూత దించింది. నేను మళ్లీ ఎత్తాను. దించింది. ఎత్తాను. ఏం చెయ్యను, నా పుట్టుక అలాంటిది.

"పిలుస్తున్నవా? పిలిచిన పాపం నీదే!" అని తలుపు గడియ పెట్టి కూర్చుంది.

కూర్చున్న మరుక్షణం కెవ్వున లేచి నిలబడింది.

"అమ్మో! ఎవరో ఇప్పుడే కూసుండి లేసిన్రు! ఇంకా ఎచ్చగనే ఉన్నది!"

తలుపు వెనక చూసింది. స్నానాల అద్దాల గదిలో చూసింది. పైకి కూడా చూసింది. ఎవరూ లేరు. నన్ను మళ్లీ అరచేత్తో తాకి, సంగతి అర్థమై, నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. "పైసలున్నోళ్లకు గిది గూడ కాగబెట్టిస్తరా!" అని నెమ్మదిగా కూర్చుంది.

నేను బట్టీలోంచి బయటపడ్డాక నన్నొకరు వాడటం అదే మొదలు. ఎవరికైనా పుట్టిన పనికి పనికొస్తే ఉండే సుఖం వేరు. గొట్టంలోకి నీళ్లు దిగుతుంటే ఆ చప్పుడు నాకే కొత్తగా వినబడింది.

తర్వాత మణెమ్మ ఏ అంతస్తులో ఉన్నా, అవసరమైతే ఇక్కడికే వచ్చేది. బయట పడేసిన ఒక కూల్‌డ్రింకు సీసా కడుక్కుని, నీళ్లు నింపుకుని చంకలో పెట్టుకు తిరిగేది. జ్వరం పోయింది. మంట పోయింది. మొహంలో కళ వచ్చింది, నోట్లో వెటకారం ఇంకాస్త పెరిగింది.

ఇంతలో చక్రధర్ గారు ఫ్లాటు అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు భూపతిరావు గారని మందుల కంపెనీ ఆసామి. ఆయన షరతు ఒక్కటే, ఫ్లాటు ఎవరి చెయ్యీ పడనిదై ఉండాలి. ఒకరోజు భార్యాభర్తలు చెప్పాపెట్టకుండా ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేశారు. ఆ సమయానికి మణెమ్మ లోపలే ఉంది. మాటలు వినబడి, గబగబా చీర సర్దుకుని, ఫ్లష్ కొట్టి, తుడిచే కర్ర చేతపట్టుకుని బయటికొచ్చింది.

"ఎవరు నువ్వు?" అంది హైమావతి గారు.

"హౌస్‌కీపింగ్ మేడం. నీళ్లు కొట్టనికొచ్చిన."

చక్రధర్ గారి మొహం వెలిగిపోయింది. "చూశారా భూపతిరావు గారూ? వాడకపోయినా నీళ్లు కొట్టిస్తూనే ఉంటాం. పువ్వులా ఉంచాం. ఈ బాత్రూములో ఇంతవరకూ మనిషన్నవాడు కూర్చోలేదు."

భూపతిరావు గారు మందుల వ్యాపారి, దేన్నీ సులువుగా నమ్మడు. లోపలికొచ్చి, వంగి, నా సీటు మీద అరచెయ్యి పెట్టాడు. ఆగి, ఇంకోసారి పెట్టాడు.

"వెచ్చగా ఉందేంటండీ?"

"అది… ఆటోమేటిక్ అండీ. ఎప్పుడూ అలాగే ఉంటుంది."

"లేదే. మా ఇంట్లోనూ ఇదే ఉంది. మనిషి కూర్చుంటేనే వేడెక్కుతుంది."

ఆయన మణెమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఇది ఎవరైనా వాడుతున్నారా?"

ఒక్క అబద్ధం చాలు, ఉద్యోగం దక్కుతుంది. చక్రధర్ గారు చూపులతోనే బతిమాలుతున్నాడు. అబద్ధం ఆవిడ నోటిదాకా వచ్చిందనే నా నమ్మకం. హైమావతి గారు ఓపిక పట్టుంటే బయటికే వచ్చేది.

"వీళ్లనేం అడుగుతారండీ!" అంది ఆవిడ. "ఈ జాతి వాళ్లకి దీన్ని ఎలా వాడాలో కూడా తెలీదు."

మణెమ్మ తుడుపుకర్ర గోడకి ఆనించింది.

"తెలుసు మేడం. నేనే వాడుతున్న, రోజు. మంచిగ పన్జేస్తది సారు, బేఫికర్ తీస్కోండ్రి. నీళ్లు జోరుగొస్తయి. చలికాలం పానం ఎచ్చగుంటది. ముందుగాల భయపడ్డ గని, తర్వాత అలవాటైతది."

నా బతుక్కి నాలుగు మంచిమాటలు చెప్పిన మనిషి ఆవిడొక్కతే. షాపులో చెప్పినవన్నీ అమ్మకం మాటలు. ఇవి వాడి చెప్పినవి.

"ఛీ! ఛీ!" హైమావతి గారు గుమ్మం అవతలికి గెంతింది. "నా ఇంట్లో… నువ్వు… ఇక్కడ…"

"ఇక్కడ గాకుంటే యాడ మేడం? గీ పనికే గద బిగించిన్రు. ఇల్లు జేసుకున్న దినం ఆవు నడి హాల్ల పోస్తే మీరు నెత్తిన జల్లుకున్నరు. తుడిసింది నేనే. దాన్ని నేనేమంటలేను, నోరులేని తల్లి, భయపడ్డది. నేను హాల్ల పొయ్యలే. పొయ్యాల్సిన కాడ పోసి, గడియ బెట్టుకోని, నీళ్లు గూడ కొట్టిన."

భూపతిరావు గారు జేబురుమాలు తీసి, నన్ను తాకిన చేతిని వేలువేలునా తుడుచుకున్నాడు. తర్వాత హాల్లోకెళ్లి బేరం మొదలెట్టాడు. కమోడు మార్పించాలట. అలా మార్పించినా, మనిషి వాడిన ఫ్లాటు కాబట్టి అడుగుకింత చొప్పున తగ్గించాలట. ఒక ఆడమనిషి జబ్బు నయమైనందుకు ఇంటి రేటు పడిపోవడం నేను కళ్లారా చూశాను.

మణెమ్మని ఆ పూటే పంపేశారు. నన్ను ఊడదీయడానికి ప్లంబరు ఖాజా వచ్చాడు. "పగులు లేదు, గీత లేదు, ఏం పాపం చేసింది ఇది?" అని గొణుక్కుంటూ వైర్లు కోసేసి, సెల్లార్లో విరిగిన కుర్చీల పక్కన పడేశాడు.

ఇక్కడితో ఆగుంటే నా కథ అందరు కమోడ్ల కథలాగే చెత్తకుప్పలో ముగిసేది. కానీ డబ్బున్నవాళ్లు భయపడితే ఊరుకోరు, రూలు పెడతారు. సంఘం మీటింగులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. మన ఫ్లాట్లలో ఎవరెవరు కూర్చున్నారో! వెంటనే తీర్మానం చేశారు. ఇకమీదట పనివాళ్లు ఏ ఫ్లాటులోనూ బాత్రూము గుమ్మం తొక్కకూడదు.

మంచిదే. ఎవరూ తొక్కలేదు. ఎవరూ ఫ్లష్ కొట్టలేదు. మా వాళ్ల మెడల్లో నీళ్లు మళ్లీ ఆరిపోయాయి. సరిగ్గా భూపతిరావు గారి గృహప్రవేశం నాటికి టవరంతా కంపెత్తింది. ఆ ముచ్చట సెల్లార్లో అన్నం తినడానికొచ్చిన పనివాళ్లు చెప్పుకుని పొర్లిపొర్లి నవ్వుతుంటే విన్నాను. పంతులు గారు మంత్రాలు సగం మింగేశాడట. చుట్టాలు ముక్కులకి తమలపాకులు అడ్డం పెట్టుకున్నారట. ఆవు లిఫ్టులోంచి దిగి, గుమ్మం దాకా వచ్చి, ఒక్కసారి గాలి పీల్చి వెనక్కి తిరిగిందట. ఎంత లాగినా లోపల కాలు పెట్టలేదట.

ఈశ్వర్ పనివాళ్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్, పోయి జల్ది నీళ్లు కొట్టుండ్రి!"

"బాత్రూంలకు పోవద్దన్నరు గద సార్. మల్ల మా నౌకరి పోతె?" అన్నారు వాళ్లు, అన్నం ముద్ద కలుపుకుంటూ.

మణెమ్మని పంపేసినట్టే తమనీ పంపేస్తారని ఒక్కరూ కదల్లేదు. మణెమ్మని మళ్లీ పనిలోకి పిలిచి, ఆవిడ సరేనంటేనే వెళ్తామన్నారు. ఈశ్వర్ మణెమ్మకి ఫోను చేశాడు. ఆవిడ వచ్చింది. సెల్లార్లోనే, నా ఎదురుగానే నిలబడి మాట్లాడింది.

"వస్త సారు. అందరం పోతం. గని పైన మాకొకటి గావాలె. గొళ్లెమున్నది. అది గట్టినంక నీళ్లు కొడతం."

"గట్ల బెదిరిస్తవా?"

"బెదిరిస్తలేను. ఒంటికొస్తది సారు, ఏం జెయ్యమంటవ్? మీకు రాదా?"

సంఘంవాళ్లు ఒప్పుకున్నారు. జాలిపడి కాదు, అంత దూరం వెళ్లకండి. కంపు ఫ్లాటు కొనేవాడెవడూ దొరక్క ఒప్పుకున్నారు. ముప్పయ్యో అంతస్తులో లిఫ్టు వెనక పాత టైల్సు పెట్టెలుంచే గది ఖాళీ చేయించారు. కొత్త కమోడు దండగ కదా, సెల్లార్లో పడున్నదాన్ని బిగించమన్నారు. అలా పైకొచ్చాను. నా వైర్లు ఎవరూ కలపలేదు. మూత లేవదు, సీటు వెచ్చబడదు. ఎవరి మూత వాళ్లే ఎత్తుకుంటారు. తలుపుకి గొళ్లెం మాత్రం గట్టిది, మణెమ్మ లాగి చూసి మరీ ఒప్పుకుంది. ఇప్పుడు నాకు క్షణం తీరిక లేదు. భూపతిరావు గారి ఫ్లాటు సంగతంటారా? తాళం వేసే ఉంది. ఆయనకీ ఇల్లుంది కదా!

మొన్నొకనాడు గది బయట పాదాల చప్పుడు, మగమనిషి రొప్పు వినబడ్డాయి. చక్రధర్ గారు. భార్య పేరు మీదున్న ఇంకో ఫ్లాటు అమ్మకానికి చూపించడానికి వచ్చాడట. దాని తాళంచెవి వేళ్ల మధ్య ఆడుతోంది. అందులోనూ బాత్రూములు ఐదున్నాయి. ఐదూ వాడనివి. వాడితే రేటు పడిపోతుంది. పెద్దాయన, వయసు మీద పడింది, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ తలుపు కొట్టాడు.

"లైన్ల నిలవడుండ్రి సారు," అంది వరసలో ముందున్నావిడ. "మేం ఎప్పటికెల్లి నిలవడ్డం."

ఆయన నిలబడ్డాడు. నుదుట చెమట పట్టింది. లోపల్నుంచి అప్పుడే బయటికొచ్చిన మణెమ్మ ఆయన్ని చూసింది. ఆ మొహంలో ఉన్నదేమిటో ఆవిడకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"పోనియ్యుండ్రే," అంది వరసలోని వాళ్లతో. "ఆపుకుంటే మంట పుడ్తది."

ఆయన లోపలికొచ్చి గొళ్లెం పెట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. మూత చేత్తో ఎత్తుకోవలసి వచ్చినందుకు విసుక్కున్నాడు. కూర్చుని, "చల్లగా ఉందేంటి ఛ!" అన్నాడు. పని కానిచ్చుకుని, ప్రాణం లేచొచ్చి, అలవాటుగా అలాగే తలుపు తియ్యబోయాడు.

బయట్నుంచి మణెమ్మ గొంతు వినబడింది.

"సారూ, నీళ్లు కొట్టుండ్రి. ఈడ పోసినోళ్లే కొట్టాలె."